కాంక్రీటు పడేది రాత్రిపూటే

సివిల్ ఇంజినీరింగ్‌లో ఆడపిల్లలు ఎందుకు నిలదొక్కుకోలేరని ఎవర్ని అడిగినా మొదట ఎండ పేరే చెబుతారు. ఎండలో నిలబడలేరు, దుమ్ము పడదు, సైటులో బూతులు వినలేరు అంటారు. ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చి వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజులొస్తే మా చుట్టాల్లోంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "సివిల్ అయితే మంచి కాలేజీలోనే వచ్చేలా ఉందమ్మా. పెట్టించమంటావా, లేక ఏ చిన్న కాలేజీ అయినా సరే కంప్యూటర్సే చూసుకోమంటావా?" అని అడుగుతారు. నేను జవాబు చెప్పేలోపే వాళ్లే అందుకుంటారు, "అసలే ఎండకు తట్టుకోలేదు మా పిల్ల" అని.

ఏ సైటుకైనా వెళ్లి ఓ గంట నిలబడి చూడండి. ఇసుక జల్లించేది, ఇటుకలు మోసేది, గోడలకు నీళ్లు కొట్టేది ఎక్కువగా ఆడవాళ్లే. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. చంటిపిల్లను నీడ పట్టున గోనెపట్టా మీద పడుకోబెట్టి, మధ్యమధ్యలో ఒక కన్నేస్తూ తట్ట ఎత్తుకుంటారు. నాగార్జునసాగర్ ఆనకట్ట పని 1955లో మొదలైంది. అంత పెద్ద రాతి కట్టడాన్ని నిలబెట్టిన వేలమంది కూలీల్లో ఆడవాళ్లు లేరా? అదే ఎండ, అవే బూతులు. వాళ్లను ఆపని ఎండ, డిగ్రీ చేతికొచ్చిన అమ్మాయిని మాత్రం ఎందుకు ఆపుతుందన్న ప్రశ్న నన్ను చాలా కాలంగా వదల్లేదు.

ఇన్నేళ్లు ఈ పనిలో ఉన్నాక నాకు తోచింది ఇది. అమ్మాయిల్ని సైటు నుంచి పంపించేస్తున్నవి రెండు. సైటు వేసేటప్పుడు అక్కడ మనం కూడా ఉంటామన్న ఆలోచన ఎవరికీ లేకపోవడం మొదటిది. మన మీద జాలిపడి, మేలు చేస్తున్నామనుకుని మనల్ని పనికి దూరం చేయడం రెండోది. మొదటిదాన్ని అడిగి సాధించుకోవచ్చు. రెండోది ప్రేమగా వస్తుంది కాబట్టి వద్దనడానికి నోరు రాదు. అందుకే దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలనుకుంటున్నాను.

మాది తాడేపల్లిగూడెం. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్. పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాసి మహిళా పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేశాను. తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరాను. 2017లో విజయవాడలో అపార్ట్‌మెంట్లు కట్టే ఒక సంస్థలో సైట్ ఇంజినీరుగా ఉద్యోగం మొదలైంది. ఇప్పుడు హైదరాబాద్‌లో, కోకాపేట వైపు లేస్తున్న టవర్లలో ఒకచోట క్వాలిటీ విభాగం నా బాధ్యత.

మొదటి సైటులో ఇంజినీర్లకు రేకుల షెడ్డు ఉండేది. దాని వెనక ఒకే ఒక బాత్‌రూమ్, దాని తలుపుకు గడియ లేదు. పొద్దున ఇంట్లో తాగిన కాఫీయే, మళ్లీ సాయంత్రం ఇంటికి చేరేదాకా గొంతులో నీటిచుక్క పోసుకునేదాన్ని కాదు. బెజవాడ మే నెల ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు అదెంత పిచ్చి పనో అర్థమవుతుంది. చివరికి యూరిన్ ఇన్ఫెక్షన్‌తో జ్వరం వచ్చి పడ్డాను. "రోజుకు మూడు లీటర్లు తాగాలమ్మా" అంది డాక్టరమ్మ. తాగితే ఎక్కడికెళ్లాలో ఆవిడకు మాత్రం ఏం తెలుసు!

అడిగాను. మా ప్రాజెక్ట్ మేనేజరుగారు మంచి మనిషి. వెంటనే షెడ్డు పక్కనే ఇటుకలతో చిన్న గది కట్టించి, లోపల గడియ, బయట తాళం పెట్టించి, తాళంచెవి నా చేతికిచ్చారు. అప్పటినుంచి అది 'మేడమ్ బాత్‌రూమ్' అయిపోయింది.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఇటుకలు మోసే ఆవిడ ఒకామె షెడ్డు దగ్గరకొచ్చి గుమ్మం బయటే నిలబడింది. కడుపుతో ఉంది. పక్కనున్న మగ ఇంజినీర్లను చూసి మాట్లాడలేక, నన్ను బయటికి రమ్మని సైగ చేసింది. వెళ్లాక గొంతు తగ్గించి, "అమ్మా, ఓపాలి ఆ తాళం ఇత్తారా?" అంది. అప్పటిదాకా ఆ సైటులో ఆడకూలీలు ఎక్కడికి వెళ్తున్నారో నేనెప్పుడూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. సైటు వెనక ఖాళీ స్థలంలో తుమ్మచెట్లున్నాయి. చీకటితో లేచి అక్కడికి వెళ్తారట. పగలు అవసరం వస్తే ఇద్దరు ముగ్గురు కలిసి చీర అడ్డం పట్టుకుంటారట.

తాళంచెవి ఆమెకిచ్చి, ఆ రోజునుంచి దాన్ని షెడ్డు బయట మేకుకు తగిలించాను. వారం తిరక్కముందే సూపర్‌వైజరు వచ్చి, "లేబరు వాడితే పాడైపోద్ది మేడమ్, మీకే ఇబ్బంది" అన్నాడు. అతనికీ నామీద జాలే. నేను మేనేజరుగారికి ఒక కాగితం రాసిచ్చాను. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చి, అప్పటికి అమల్లో ఉన్న చట్టంలోనే మరుగుదొడ్ల సంగతి ఉండేది. యాభైమందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లల కోసం గది ఉండాలని కూడా ఉండేది. ఆ సెక్షన్లు చూపించి, లేబర్ కాంట్రాక్టరు చేత ఆడవాళ్లకు విడిగా కట్టించమని అడిగాను. కట్టించారు. రెండు గదులు, ఒక నీళ్ల డ్రమ్ము. మొత్తం ఖర్చు ఒక ట్రాన్సిట్ మిక్సరు (కాంక్రీటును తిప్పుతూ తెచ్చే లారీ) మోసుకొచ్చే కాంక్రీటు ఖరీదు కూడా కాలేదు. ఇది మరీ మరీ చెప్పాలి. సైటులో ఆడవాళ్లు ఉండలేరనే కంపెనీలు, వాళ్లు ఉండడానికి ఆ ఒక్క బండి డబ్బు ఖర్చుపెట్టాయా అన్నదే నా ప్రశ్న.

బూట్ల సంగతీ అంతే. స్టోర్స్‌లో సేఫ్టీ షూ ఏడో నంబరు నుంచే ఉండేవి, నాకు కావలసింది ఐదు. రెండు జతల సాక్సులు తొడుక్కుని ఆ బూట్లతోనే సెంట్రింగ్ చెక్కల మీద, రాడ్ల మీద నడిచేదాన్ని. పాదం జారితే కిందికి నాలుగంతస్తులు. ఎత్తునుంచి పడకుండా తగిలించుకునే హార్నెస్ బెల్టుదీ అదే కథ, ఎంత బిగించినా భుజాల మీద నిలిచేది కాదు. సరిపోని బూటు, వదులు బెల్టు ఇచ్చి, పైకెక్కడానికి భయపడుతోందంటే ఎలా? ఇప్పుడు మా సైటులో కొత్త అమ్మాయి చేరుతుందని తెలిస్తే ముందుగా ఆమె పాదం సైజు కనుక్కుని స్టోర్స్‌కు ఇండెంట్ పెడతాను.

ఇక మగవాళ్ల మధ్య పని. దీని గురించి బయట అనుకునేదానికీ నేను చూసినదానికీ చాలా తేడా ఉంది. చెడ్డవాళ్లు లేరనను. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి ఉద్యోగస్థలంలో లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు తీసుకునే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతుంది. ఆ కమిటీలో ఎవరున్నారో, వాళ్ల ఫోన్ నంబర్లేమిటో చేరిన రోజే రాసిపెట్టుకోవాలి. కానీ రోజువారీ పనిలో నాకు మేస్త్రిలతో వచ్చిన పేచీలు పని గురించినవే. పని తెలుసని తేలాక వాళ్లంత నిక్కచ్చిగా గౌరవం ఇచ్చేవాళ్లను ఆఫీసుల్లో చూడలేదు.

విజయవాడలో కాలమ్ రింగుల దగ్గర, అంటే స్తంభం నిలువు రాడ్లను చుట్టి కట్టే ఇనప చుట్ల దగ్గర, జరిగింది చెబుతాను. రాడ్ బెండింగ్ మేస్త్రి శ్రీకాకుళం మనిషి, వయసులో నాన్నంత ఉంటాడు. రింగు కొసల్ని తొంభై డిగ్రీలకు వంచి వదిలేస్తున్నాడు. విజయవాడ అప్పటి భూకంపాల లెక్కలో మూడో జోన్. అలాంటిచోట రింగు కొస 135 డిగ్రీలు తిరిగి కాలమ్ లోపలికి పోవాలి. ఎనిమిది మిల్లీమీటర్ల రాడ్డుకైతే వంపు తర్వాత కనీసం 65 మిల్లీమీటర్ల పొడవు ఉండాలి. భూకంపాలకు తట్టుకునే కాంక్రీటు కట్టడాల కోసం ఉన్న కోడ్ ఐఎస్ 13920 చెప్పేది అదే. "ఏటండీ మేడమ్, ముప్పయ్యేళ్లబట్టి ఇలాగే కడతన్నాం, ఒక్క బిల్డింగూ పడిపోనేదు" అన్నాడు. చుట్టూ కుర్రాళ్లు నవ్వారు.

కోడ్ పుస్తకం తీయలేదు నేను. రెండు రింగులు తెమ్మన్నాను, ఒకటి అతను వంచినట్టు, ఇంకొకటి నేను చెప్పినట్టు. రెండింటినీ నిలువు రాడ్లకు బిగించి కట్టించి, సన్న పాటి ఇనప కడ్డీ లోపలినుంచి దూర్చి బయటికి తన్నమన్నాను. కాంక్రీటు లోపలినుంచి ఉబ్బి తోసేటప్పుడు రింగు మీద పడేది అలాంటి బలమే. తొంభై డిగ్రీల కొస కాసేపటికే విచ్చుకుంది. రెండోది కదల్లేదు. 2001 జనవరి 26న గుజరాత్‌లో భూకంపం వచ్చినప్పుడు కాలమ్‌లు బద్దలైన చోట్ల ఇలా విచ్చుకున్న రింగులే కనిపించాయని చెప్పాను. అతను కాసేపు ఆ రింగునే తిప్పి తిప్పి చూసి, బెంచీ మీద మేకుల వరస మార్చి కొట్టుకున్నాడు. ఆ తర్వాత నేను ఏ ఫ్లోరుకు వెళ్లినా, "మేడమ్ చూడకుండా బాక్సు మూయకండ్రా" (రాడ్ల చుట్టూ కాంక్రీటు పోసే అచ్చు బిగించొద్దని) అని అరిచేవాడు. నాకు ఏ మెమెంటో ఇవ్వని సంతోషం ఆ అరుపు ఇచ్చింది.

ఇలాంటి జ్ఞానం సైటులోనే వస్తుంది. అందుకే ఇప్పుడు చెప్పబోయే విషయం నాకు ముఖ్యం.

హైదరాబాద్ వచ్చాక మా సైటులో ఒక అలిఖిత నియమం ఉండేది. ఆరింటికి లేడీ ఇంజినీర్లు ఇంటికి వెళ్లిపోవాలి. ఎవరూ దురుద్దేశంతో పెట్టింది కాదు. చీకటి పడితే ఊరవతల రోడ్ల మీద బస్సు దొరకదు, ఏమైనా జరిగితే ఎవరిది బాధ్యత అన్న భయం. ఆరు కాగానే "ఇంక బయల్దేరమ్మా" అని మా సీనియర్లే గుర్తుచేసేవాళ్లు.

పెద్ద కాంక్రీటు పని, మా మాటల్లో 'పోర్', ఎప్పుడు మొదలవుతుంది? పగలు నగరంలో భారీ వాహనాలకు ఆంక్షలుంటాయి, ట్రాఫిక్‌లో మిక్సర్లు ఇరుక్కుపోతాయి, ఎండకు కాంక్రీటు వేడెక్కుతుంది. కాబట్టి రాత్రి మొదలవుతుంది. ర్యాఫ్ట్ పునాది (భవనం కింద ఒకే పెద్ద పలకలా పరిచేది) అయితే ఒక రాత్రి, మర్నాడు పగలు, మళ్లీ రాత్రి దాకా ఆగకుండా పోస్తూనే ఉండాలి. అంటే భవనం ప్రాణం పోసుకునే గంటల్లో ఎక్కువ ఆరు తర్వాతే. ఆరింటికి వెళ్లిపోయే ఇంజినీరు పొద్దున వచ్చి చూసేది గట్టిపడిపోయిన కాంక్రీటునే. పంపు ఆగిపోతే ఏం చేయాలి, కాంక్రీటును అదిరించి కుదించే వైబ్రేటరు ఎక్కడ పెట్టకపోతే తేనెపట్టులా గుల్ల వస్తుంది, వాన మొదలైతే జాయింటు ఎక్కడ ఆపాలి, ఇవేవీ ఆమె చూడదు. రెండేళ్లు ఇలా గడిచాక ప్రమోషన్ల సమయంలో "ఆ అమ్మాయికి పోర్ హ్యాండిల్ చేసిన అనుభవం లేదండీ" అంటారు. ఆ మాటలో అబద్ధం ఉండదు. అనుభవం రాకుండా చేసింది మాత్రం ఆ ఆరింటి నియమం.

నేను మా ప్రాజెక్ట్ మేనేజరుకు మెయిల్ పెట్టాను. నాకు సెలవు వద్దు, బండి కావాలి. పోర్ ఉన్న రాత్రి ఇంటినుంచి తీసుకొచ్చి దింపే కారు, నాతోపాటు డ్యూటీలో ఇంకొక ఆడమనిషి, మర్నాడు విశ్రాంతి, ఇంతే అడిగాను. ఆయన వారం రోజులు ఏమీ అనలేదు. తర్వాత కారు ఏర్పాటు చేయించారు. రెండో మనిషిగా ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి వచ్చింది.

అలా ఉన్న ఒక రాత్రి సంగతి. పన్నెండు దాటాక ఒక మిక్సరు వచ్చింది. కాంక్రీటు కలిపే ప్లాంటు చీటీ మీద లోడింగ్ టైము తొమ్మిది నలభై. అప్పటికే రెండున్నర గంటలు. రెడీమిక్స్ (ప్లాంటులో కలిపి తెచ్చే కాంక్రీటు) కోడు ప్రకారం ముందే వేరే ఒప్పందం లేకపోతే లోడ్ చేసిన రెండు గంటల్లో దించేయాలి. అయినా స్లంప్ (కాంక్రీటు ఎంత జారుతుందో చెప్పే కొలత) చూద్దామని కోన్ అనే అచ్చు నింపించాను. ఎత్తగానే కాంక్రీటు పల్చగా జారి పక్కలకు పరుచుకుపోయింది. ఇంత ఆలస్యమైన కాంక్రీటు గట్టిపడాలి కానీ పలచబడటమేంటి? డ్రమ్ము నోటి దగ్గర టార్చి వేసి చూస్తే బండి మీది నీళ్ల ట్యాంకు పైపు ఇంకా కారుతోంది. దారిలో నీళ్లు కలిపేశాడు. నీళ్లు పెరిగితే బలం తగ్గుతుంది, సివిల్‌లో మొదటి ఏడాది పిల్లలకూ తెలిసిన సూత్రం. పంపు దగ్గర ఫోర్‌మన్, "మేడమ్, ఒక్క బండే కదా, పైప్‌లైన్ జామ్ అయిపోతుంది" అని తొందరపెడుతున్నాడు. బండి వెనక్కి పంపించాను. ఐదు నిమిషాల్లో ప్లాంటు మేనేజరు ఫోను, పది నిమిషాల్లో మా మేనేజరు ఫోను. జరిగింది చెప్పాను. "క్వాలిటీ వద్దంటే వద్దు" అని ఆయన పెట్టేశారు. వెనకొచ్చిన బండి సరిగ్గా ఉంది, పైప్‌లైనూ జామ్ కాలేదు. ఆ రాత్రి నేను అక్కడ లేకపోతే ఆ ఆరు ఘనపు మీటర్లు ఎవరి ఇంటి కిందో ఉండేవి.

ఆ నెల తర్వాత ఆరింటి మాట నా దగ్గర ఎవరూ ఎత్తలేదు.

పెళ్లయ్యాక, మరీ ముఖ్యంగా కడుపుతో ఉన్నప్పుడు, ఈ మేలు ఇంకో రూపంలో వస్తుంది. "నీకెందుకమ్మా ఈ తిప్పలు, బిల్లింగ్‌లో కూర్చో." బిల్లింగ్ అంటే ఆఫీసులో కూర్చుని, అయిన పనికి బిల్లులు లెక్కకట్టడం. ఏడో నెలలో మెట్లెక్కి స్లాబు చూడలేను, నిజమే. ఆ కొన్ని నెలలు కుర్చీ పని కావాలి, అడిగి తీసుకోవాలి కూడా. కానీ బిల్లింగ్‌కు వెళ్లిన అమ్మాయిలు తిరిగి సైటుకు రావడం నేను చాలా అరుదుగా చూశాను. పిల్ల పుట్టాక, "చిన్నపిల్ల కదా", ఆ పిల్ల బడికెళ్లాక "బడి టైములు కదా". కుర్చీ శాశ్వతమైపోతుంది. బిల్లింగ్, క్వాంటిటీ సర్వేయింగ్ (ఎంత పని, ఎంత సామాను అని లెక్కగట్టడం) తక్కువ పనులని కాదు. ఇష్టపడి ఎంచుకుంటే అవీ గొప్ప దారులే. సైటు మీద మనసున్న మనిషిని జాలితో అందులో కూర్చోబెట్టడమే నాకు మింగుడుపడదు.

నా విషయంలో నేను సెలవుకు వెళ్లేముందే తిరిగొచ్చాక ఏ పనిలోకి వస్తానో కాగితం మీద రాయించుకున్నాను. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి జీతంతో కూడిన సెలవు 26 వారాలకు పెంచారు. యాభైమంది ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని కూడా ఆ సవరణలో చేర్చారు. మా కంపెనీ క్రెష్ హెడ్డాఫీసులో, నేను ఉండేది ఊరికి ఆ కొసన ఉన్న సైటులో. నాలుగుసార్లు కాదు, ఒక్కసారి వెళ్లి రావడానికే పూట గడిచిపోతుంది. నాకు మా అత్తయ్యగారు అండగా నిలబడ్డారు కాబట్టి సరిపోయింది. "నువ్వెళ్లమ్మా, ఆ భవనం సంగతి చూసుకో, దీన్ని నేను చూసుకుంటా" అని పాపను ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చేవారు. అందరి ఇళ్లలో అత్తగారి ఆరోగ్యం, ఓపిక అలా ఉండవు. సైటు దగ్గర ఒక గది, ఒక ఆయా ఉంటే ఎంతమంది ఇంజినీర్లు మిగిలేవారో! పక్కనే గోనెపట్టా మీద పడుకునే కూలీల పిల్లలకూ అదే గది.

"ఇదంతా కొత్త పిల్లల ఆరాటం" అనేవాళ్లు ఉంటారు. కొత్తేమీ కాదు. 1940లలో మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ముగ్గురు అమ్మాయిలు చదివారు. ఎలక్ట్రికల్‌లో మన తెలుగింటి బిడ్డ అయ్యలసోమయాజుల లలిత, సివిల్‌లో పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జి. లలితగారు పద్దెనిమిదేళ్లకే భర్తను పోగొట్టుకుని, చంటిబిడ్డ తల్లిగా మిగిలి, ఆ తర్వాత ఇంజినీరింగ్ చదివారు. త్రేసియాగారు 1971లో కేరళ పబ్లిక్ వర్క్స్‌కు చీఫ్ ఇంజినీరయ్యారు. రోడ్లు, వంతెనలు ఆమె సంతకంతో కదిలాయి. ఆ కుర్చీ దాకా ఆమె వెళ్లగలిగారంటే దారిలో ఫీల్డు పని ఆమె చేతికి వచ్చింది కాబట్టే కదా.

మన కాలంలో గాలి మాధవీలతగారు. ప్రకాశం జిల్లా పల్లెటూరి నుంచి కాకినాడ జేఎన్‌టీయూలో సివిల్ బీటెక్, వరంగల్‌లో ఎంటెక్, ఐఐటీ మద్రాసులో పీహెచ్‌డీ, ఇప్పుడు బెంగళూరు ఐఐఎస్‌సీలో ప్రొఫెసర్. నదికి 359 మీటర్ల ఎత్తున నిలిచిన చీనాబ్ రైలు వంతెనకు జియోటెక్నికల్ (నేల, రాతికి సంబంధించిన) సలహాదారుగా పదిహేడేళ్లు పనిచేశారు. 2025 జూన్ 6న వంతెన ప్రారంభమయ్యాక ఒక్కసారిగా ఆమె పేరు మారుమోగింది. ఆమె మాత్రం, వేలమంది కష్టంలో తానూ ఒకరినని, తనను అనవసరంగా ఆకాశానికెత్తొద్దని కోరారు. నాకు ఆమె చేసిన పని వివరం ఇంకా నచ్చుతుంది. ఆ కొండరాయి పగుళ్లతో నిండి ఉంది. తవ్వుతూపోతే లోపల ఏముంటుందో ముందే గీసిన డ్రాయింగు చెప్పలేదు. తవ్వినకొద్దీ కనిపించే రాయిని బట్టి డిజైను మార్చుకుంటూ వెళ్లారు. రాతిని చూడకుండా, కొండ దగ్గరికి వెళ్లకుండా ఆ పని ఎవరివల్లా కాదు.

ఇక దారుల సంగతి. ఫోన్ చేసేవాళ్లు అసలు అడిగేది ఇదే కాబట్టి, నాకు తెలిసినంతవరకు చెబుతాను.

డబ్బు విషయం దాచను. ప్రైవేటులో సైట్ ఇంజినీరు తొలి జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితురాలి జీతం పక్కన చిన్నబోతుంది. మొదటి నాలుగైదేళ్లు ఓపిక పట్టాలి. ఆ తర్వాత అనుభవానికి ధర పెరుగుతుంది. నిలబడ్డవాళ్లకే అది అందుతుంది.

ప్రభుత్వ ఉద్యోగం మన రెండు రాష్ట్రాల్లోనూ అమ్మాయిలకు గట్టి దారి. డిప్లొమాతో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు), బీటెక్‌తో ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు), నియామకాల్లో మహిళలకు మూడోవంతు రిజర్వేషన్ ఉంది. రోడ్లు భవనాలు, నీటిపారుదల, పంచాయతీరాజ్, గ్రామీణ నీటి సరఫరా, మున్సిపాలిటీలు, ఇన్ని శాఖలు. ఆంధ్రాలో 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు ఇంజినీరింగ్ అసిస్టెంట్లుగా ఎంతోమంది డిప్లొమా, బీటెక్ అమ్మాయిలు సొంత జిల్లాల్లోనే చేరారు. మా పాలిటెక్నిక్ నేస్తం అలా చేరిందే. సీసీ రోడ్డు వేస్తే మందం కొలిచేది ఆమె. ఎంబుక్ అనే కొలత పుస్తకంలో ఎక్కిన అంకెను బట్టే కాంట్రాక్టరుకు బిల్లు. ఆరంగుళాలు ఉండాల్సిన రోడ్డు ఐదే వచ్చిందని రాసిన రోజు ఊరి పెద్దల నుంచి ఎన్ని ఫోన్లు వచ్చాయో చెబుతుంటే నా మిక్సరు రాత్రే గుర్తొచ్చింది. ఆ పిల్ల కొలత మార్చలేదు. ఏఈ, ఏఈఈ ఉద్యోగాల్లో ఎండకంటే బరువైనది ఆ కొలత పుస్తకమే. అది మోయగలమనుకుంటే ఆ దారి పట్టండి.

స్ట్రక్చరల్ డిజైన్ ఇష్టమైతే ఈట్యాబ్స్, స్టాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లు నేర్చుకోండి. కానీ ముందు ఏడాదైనా సైటులో ఉండి వెళ్లండి. కాగితం మీద బీమూ కాలమూ కలిసే చోట ఎనిమిది రాడ్లు గీసేస్తాం. అక్కడ వైబ్రేటరు సూది దూరుతుందో లేదో చూసిన కన్ను వేరు. రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో భవనం మోడల్స్ తయారుచేసే బీఐఎం పని, ప్రైమావెరా సాఫ్ట్‌వేర్‌తో ప్లానింగ్, వీటికి హైదరాబాద్‌లో గిరాకీ బాగుంది. పిల్లలు చిన్నగా ఉన్న కాలంలో ఇంటినుంచి చేసుకునే వీలు కూడా వీటిలో కొంత దొరుకుతుంది. గేట్ రాసి ఎంటెక్ చేస్తే జియోటెక్నికల్, ట్రాన్స్‌పోర్టేషన్, నీటి వనరుల వైపు వెళ్లొచ్చు. అమెరికా వెళ్లేవాళ్లు ఎఫ్‌ఈ (అక్కడి ఇంజినీరు లైసెన్సుకు తొలి మెట్టు) పరీక్ష చదువు అయిపోతుండగానే రాసేయడం మంచిది. ఆ పైన అనుభవంతో పీఈ (ప్రొఫెషనల్ ఇంజినీరు) లైసెన్సు వస్తే డ్రాయింగు మీద సొంత ముద్ర వేసే హక్కు వస్తుంది.

నేనెంచుకున్న క్వాలిటీ గురించి ఒక మాట. ఈ విభాగంలో ఆడవాళ్లకు ఎదగడానికి చోటుంది, అధికారమూ ఉంది. పని ఆపించే హక్కు ఉన్న కుర్చీ ఇది. అక్కడ నాకు దక్కిన పెద్ద తృప్తి మా ల్యాబ్ అమ్మాయి. నాతోపాటు రాత్రి డ్యూటీకి వచ్చిందని చెప్పానే, ఆమె. మహబూబ్‌నగర్ నుంచి తల్లిదండ్రులతోపాటు కూలికి వచ్చింది, ఇంటర్ దాకా చదివింది. కాంక్రీటు బలం పరీక్షించడానికి క్యూబులు పోసేటప్పుడు దగ్గర నిలబడి చూసేది. నేర్పిస్తే ఇట్టే పట్టేసింది. నూటయాభై మిల్లీమీటర్ల క్యూబు, మూడు పొరలుగా నింపడం, తేదీ, గ్రేడు రాయడం, మర్నాడు అచ్చు విప్పి నీళ్ల ట్యాంకులో వేయడం, ఏడో రోజు, ఇరవయ్యెనిమిదో రోజు మిషన్ మీద పగలగొట్టి రీడింగ్ రిజిస్టరులో ఎక్కించడం, అన్నీ ఆమే చూసుకుంటుంది. ఎనిమిది కిలోల క్యూబుల్ని వరసగా ఎత్తి పెడుతుంటే బరువు గురించి ఎవరూ మాట్లాడరు. మన సైట్లలో ఆడకూలీ జీవితాంతం కూలీగానే ఉండిపోతుంది. పక్కన పనిచేసే మగ కూలీ కొన్నేళ్లకు తాపీ పట్టి మేస్త్రి అవుతాడు, ఆమె చేతికి తాపీ ఎవరూ ఇవ్వరు. మహిళా ఇంజినీర్ల గురించి మాట్లాడేటప్పుడు వీళ్లను పక్కన పెట్టేస్తే నా మనసు ఒప్పదు. ఈ ఏడాది మా సైటులో టైల్స్ పనికి ఇద్దరు ఆడవాళ్లకు నేర్పించమని కాంట్రాక్టరును అడిగి ఒప్పించాను. పని నడుస్తోంది.

ఇంటర్వ్యూకు వెళ్లే అమ్మాయిలకు నాదొక మనవి. జీతం ఎంతని అడిగాక ఆగిపోకండి. సైటులో ఆడవాళ్లకు విడిగా బాత్‌రూమ్ ఉందా అని మొహమాటపడకుండా అడగండి. రాత్రి పోర్ ఉన్నప్పుడు నన్ను పంపిస్తారా, పంపితే బండి ఎవరు పెడతారు అని అడగండి. ప్రసూతి సెలవు తర్వాత ఇదే పనికి తిరిగి తీసుకుంటామని రాసిస్తారా అని అడగండి. ఇవి అడిగితే ఉద్యోగం రాదేమోనని భయపడతారు. నేను ఇప్పుడు ఇంటర్వ్యూ చేసే వైపు కూర్చుంటున్నాను. ఇవి అడిగిన అమ్మాయికి సైటంటే ఏమిటో తెలుసని నాకు నమ్మకం కుదురుతుంది.

ఇంకొకటి తప్పకుండా అడగండి. "నాకంటే ముందు ఈ సైటులో పనిచేసిన మహిళా ఇంజినీరు ఇప్పుడు ఎక్కడున్నారు?" అని. పెద్ద సైటుకు వెళ్లారంటే మంచిది. బిల్లింగ్‌కు మారారంటే, లేదా మానేశారంటే, వాళ్ల ఫోన్ నంబరు కనుక్కోండి. ఆవిడతో మాట్లాడాకే ఆఫర్ లెటరు మీద సంతకం పెట్టండి.